నొప్పి చెప్పుకోవటం తప్పా?



ఉదయం తొమ్మిది గంటలు. ఆసుపత్రి వార్డులోకి పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కు వస్తారు. వెనుక చిన్న డాక్టర్లు, నర్సమ్మలు. మొన్ననే ఆపరేషన్ అయిన తల్లి మంచం దగ్గర ఆగి, కేస్ షీటు చూస్తూనే "నొప్పి ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. అప్పటిదాకా దుప్పటి అంచు పళ్ళతో పట్టుకుని పడుకున్న ఆమె "పర్వాలేదు సార్" అంటుంది. ఆమె అనకపోతే పక్కన నిలబడ్డ కొడుకు అంటాడు: "బాగానే ఉందండీ, రాత్రి నిద్రపోయింది." డాక్టరుగారు తలూపి పక్క మంచానికి వెళ్ళిపోతారు. మొత్తం అర నిమిషం పని.

ఈ అర నిమిషం గురించి ఈ వారం ఆలోచిద్దాం. చూడటానికి చిన్న విషయమే. కాని తన నొప్పిని ఉన్నది ఉన్నట్టు చెప్పవలసిన బాధ్యత రోగికి ఉందా? కంటికి కనిపించని ఆ నొప్పిని ఎదుటివాడు ఎందుకు నమ్మాలి? ఈ రెండూ పెద్ద ప్రశ్నలే. మన కుటుంబాలలో నన్ను తరచు అడిగే మూడో ప్రశ్న ఒకటుంది: "ఫాదర్, నొప్పికి మందు తీసుకోకుండా ఆ బాధను ప్రభువు పాటులతో కలిపి ఒప్పగిస్తే ఎక్కువ పుణ్యం కదా?" దాని సంగతి చివర చూద్దాం. ముందు డాక్టరు దగ్గరకు వెళదాం.

మంచి డాక్టరు గాని, అనుభవమున్న నర్సు గాని నొప్పి గురించి ఒక్క ప్రశ్నతో ఊరుకోరు. ఎక్కడ? వేలుతో చూపించు. ఎప్పటి నుండి? ఒక్కసారిగా వచ్చిందా, మెల్లగా పెరిగిందా? ఉన్నచోటే ఉందా, ఇంకెక్కడికైనా పాకుతోందా? కదిలితే ఎక్కువవుతుందా? దగ్గితే? ఏం చేస్తే తగ్గుతుంది? నిద్ర పడుతోందా? సున్నా నుండి పది వరకు లెక్కవేస్తే ఎంత? ఆపరేషన్‌కు ముందు అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. పాత నొప్పులేమైనా ఉన్నాయా, వాటికి ఏ మాత్రలు ఎన్నాళ్ళుగా మింగుతున్నావు, ఇదివరకు ఆపరేషన్ అయితే అప్పుడు నొప్పి ఎలా ఉండింది, మద్యం అలవాటు ఉందా. ఈ ఆఖరి ప్రశ్నకు భార్య ఎదుట నిజం చెప్పే మగవాడు అరుదు. కాని అది చెప్పకపోతే మత్తు డాక్టరు లెక్క తప్పుతుంది. మత్తు ఎంత ఇవ్వాలి, తరువాత ఏ నొప్పి మందు ఇవ్వాలి అన్నది ఈ జవాబుల మీద ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందే చాలాకాలంగా నొప్పితో ఉన్నవారికి, ఆపరేషన్ అయిన తొలిరోజులలో తీవ్రమైన నొప్పి అనుభవించినవారికి, గాయం మానినా నొప్పి నెలల తరబడి మిగిలిపోయే అవకాశం ఎక్కువని వైద్యులు చెబుతున్నారు.

పది లెక్క మన పెద్దవాళ్ళకు ఎక్కదు. "పదికి ఎంత?" అంటే బడిలో మార్కులనుకుని భయపడతారు. ఒక నర్సు సిస్టరుగారు ఒక ముసలాయనను "తాతా, నీ నొప్పి రూపాయిలో ఎంత? పావలా వంతా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడగటం విన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పడుకుంటే పావలా, లేచి కూర్చుంటే రూపాయి దాటిపోతాది" అన్నాడు. ఇంతకంటె మంచి వైద్య సమాచారం ఏముంటుంది చెప్పండి! పడుకున్నప్పటి నొప్పి వేరు, కదిలినప్పటి నొప్పి వేరు అని ఆయన చెప్పేశాడు. డాక్టరుకు కావలసింది కూడా అదే. కదిలితే నొప్పి కాబట్టి రోగి కదలడు. దగ్గితే నొప్పి కాబట్టి దగ్గడు, నిండుగా ఊపిరి పీల్చడు. కఫం ఊపిరితిత్తులలోనే ఉండిపోయి న్యుమోనియా రావచ్చు. నడవకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. "పర్వాలేదు సార్" అన్న మాట వెనుక ఇదంతా ఉంది.

ఇక మన భాష సంగతి. నొప్పిని చెప్పటానికి తెలుగువాడికి ఉన్నన్ని మాటలు తక్కువ భాషలకు ఉంటాయేమో! తలకు పోటు, పుండుకు సలుపు, కాళ్ళకు పీకు. కడుపులో మెలిపెడుతుంది. నడుము కలుక్కుమంటుంది. పన్ను జివ్వుమంటుంది. కుట్లు చురుక్కుమంటాయి. ఛాతీ మీద రాయి పెట్టినట్టుంటుంది. కాళ్ళు లాగుతాయి, తెలంగాణలో అయితే గుంజుతాయి. అరికాళ్ళు మండుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. "నొప్పి" అంటే ఒకటి, "నొప్పులు" అంటే కాన్పు. ఈ మాటలు అలంకారం కోసం పుట్టినవి కావు. మంట అన్నా, జివ్వుమంటోందన్నా నరానికి సంబంధించిన నొప్పేమోనని డాక్టరు అనుమానిస్తాడు. ఒకేచోట సలుపుతోందంటే గాయం చీము పట్టిందేమో చూస్తాడు. మెలిపెడుతోందంటే ప్రేగుల వైపు ఆలోచిస్తాడు. సిమెంటు కట్టు వేసిన కాలులో భరించలేని నొప్పి ఉండి, గంటగంటకు పెరుగుతోందంటే, ఇతర పనులన్నీ వదిలి ముందు ఆ కట్టు విప్పి చూడాలి. 1975లో కెనడాకు చెందిన రోనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త ఇంగ్లీషులో నొప్పిని తెలిపే 78 మాటలను 20 గుంపులుగా కూర్చి రోగులకు ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. మన అమ్మమ్మలకు అటువంటి కాగితం అవసరం లేదు. వాళ్ళను కూర్చోబెట్టి అడిగేవాళ్ళు కావాలి, అంతే.

అడిగేవారుంటే ఏం జరుగుతుందో ఒక సంగతి చెబుతాను. గర్భసంచి ఆపరేషన్ అయిన ఒక తల్లికి దివ్యసత్ప్రసాదం తీసుకుని వెళ్ళాను. అది నాలుగో రోజు. ఆ ఉదయం కూడా ఆమె డాక్టరుగారికి "పర్వాలేదు" అనే చెప్పిందట. నర్సు సిస్టరుగారు స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. "నొప్పి ఎక్కడుందమ్మా? వేలుతో చూపించు" అన్నారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. సిస్టరుగారూ మాట్లాడలేదు. చివరికి, "కుట్ల దగ్గర కాదు సిస్టరమ్మా, ఎడమ పిక్కలో. పడుకుని పడుకుని పట్టేసిందనుకున్నా. ఇది ఆపరేషన్‌ది కాదుగదా అని డాక్టరుగారికి చెప్పలేదు" అంది. సిస్టరుగారు లేచి వెళ్ళారు. మధ్యాహ్నం స్కాన్ తీస్తే కాలి రక్తనాళంలో గడ్డ ఉంది. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఆ తల్లి అబద్ధం చెప్పాలనుకోలేదు. డాక్టరుగారు అడిగింది కుట్ల గురించేనని, మిగతాది చెబితే ఆయన సమయం పాడుచేసినట్టవుతుందని అనుకుంది.

ఇది ఎక్కడిదీ అలవాటు? కొంత మర్యాద, కొంత భయం. డాక్టరుగారు దేవుడంతటివాడు, ఆయనను విసిగించకూడదు. కొంత ఖర్చు భయం: నొప్పి ఉందంటే ఇంకో రెండు రోజులు ఉంచుతారు, బిల్లు పెరుగుతుంది. కొంత సిగ్గు. కొంత మాత్రం పుణ్యమని నేర్చుకున్నది. కారణం ఏదైనా, ఉన్న నొప్పిని లేదనటం సత్యమేనా?

పునీత తోమాసు అక్వినాసుగారు సత్యం పలకటాన్ని న్యాయం అనే సుగుణానికి అనుబంధంగా చేర్చారు. మనుషులు ఒకరినొకరు నమ్మకపోతే కలిసి బ్రతకలేరు గనుక, నిజం చెప్పటం పొరుగువాడికి మనం చెల్లించవలసిన బాకీ వంటిదని ఆయన వాదన. లేని గొప్ప చెప్పుకోవటం సత్యానికి విరుద్ధం. ఉన్నదాన్ని లేదని తన్ను తాను తగ్గించుకోవటం కూడా సత్యానికి విరుద్ధమేనని ఆయన అంటారు. ఈ రెండోదాన్ని మనం వినయమనుకుంటాం. మన మంచి గుణాలను దాచుకుంటే వినయం కావచ్చు. మనకు వైద్యం చేసే మనిషి దగ్గర మన శరీరం స్థితిని దాచిపెడితే, ఆయనకు రావలసిన బాకీని ఎగవేసినట్టే. పాపమా అని మీరు అడుగుతారు. భయంతో, సిగ్గుతో అన్నవారి మీద పాపభారం మోపటానికి నేను సిద్ధంగా లేను. అది సుగుణం కాదని మాత్రం చెబుతాను.

ఇప్పుడు బాకీకి రెండో వైపు. చెప్పేవాడు నిజం చెప్పినా, వినేవాడు నమ్మాలి గదా? జ్వరానికి థర్మామీటరుంది, రక్తపోటుకు యంత్రముంది. నొప్పికి ఏదీ లేదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు విట్గెన్‌స్టెయిన్ గారి ఒక ఉపమానం మమ్మల్ని చాలా తికమక పెట్టేది. ప్రతివాడి దగ్గరా ఒక డబ్బా ఉంది, అందులో పురుగు ఉందని ప్రతివాడూ అంటాడు, కాని ఎవరూ ఇతరుల డబ్బాలోకి చూడలేరు. అప్పుడు 'పురుగు' అన్న మాటకు అర్థమేమిటి? 1953లో అచ్చయిన ఆ పుస్తకం మీద ఇప్పటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళను వాదించుకోనిద్దాం. వార్డులో మాత్రం సమస్య స్పష్టంగా ఉంది: డబ్బా మూత తీయలేం, మాటను నమ్మటం తప్ప వేరే దారి లేదు. 1968లో మార్గో మెకాఫ్రీ అనే అమెరికన్ నర్సు ఇదే చెప్పింది. నొప్పి అంటే ఏమిటో చెప్పవలసినది దాన్ని అనుభవించేవాడే, అతడు ఉందన్నప్పుడు ఉన్నట్టే అని. ప్రపంచ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదని కూడా అందులో ఉంది.

ఆ రెండో మాట వెనుక బాధాకరమైన చరిత్ర ఉంది. అప్పుడే పుట్టిన పసికందులకు నొప్పి సరిగా తెలియదని చాలాకాలం పెద్ద పెద్ద ఆసుపత్రులలో కూడా నమ్మారు. కదలకుండా ఉండటానికి మందిచ్చి, నొప్పికి మాత్రం తగిన మందు లేకుండానే ఆపరేషన్లు చేసినవారున్నారు. భారతీయ వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు ఆక్స్‌ఫర్డ్‌లో నెలలు నిండని బిడ్డల మీద చేసిన పరిశోధనను 1987లో ప్రకటించారు. నొప్పి మందు ఇచ్చి ఆపరేషన్ చేసిన బిడ్డలు, ఇవ్వనివారికంటె బాగా తేరుకున్నారని అందులో తేలింది. అడగలేనివారిని అడగలేదు, ఏడుపును సాక్ష్యంగా తీసుకోలేదు. చదువు తక్కువై జరిగిన పొరపాటు కాదిది, చదువుకున్నవారే చేశారు.

"మరి అబద్ధం చెప్పేవాళ్ళ మాటేమిటి ఫాదర్? మత్తు సూది కోసం నొప్పి నొప్పి అని అరిచేవాళ్ళున్నారు గదా?" ఉన్నారు. కాదనను. కాని నొప్పిని నమ్మటం వేరు, అడిగిన మందు ఇవ్వటం వేరు. డాక్టరు మొదటిది చేసి, రెండోదానికి తన తెలివి ఉపయోగించవచ్చు. మందుకు అలవాటు పడినవాడికి కూడా కోసినచోట నొప్పి ఉంటుంది, మామూలు మోతాదు అతడికి చాలకపోవచ్చు కూడా. అపనమ్మకంతో మొదలుపెట్టిన డాక్టరు ఒక మోసగాణ్ణి పట్టుకుంటాడేమో, ఆ దారిలో నలుగురు నిజమైన బాధితులను నోరు మూయిస్తాడు. ఈ రెండు తప్పులూ సమానమని నేను అనుకోను.

యేసు ప్రభువు ఎలా అడిగారో చూడండి. మూర్ఛతో కొట్టుకుంటున్న కుర్రవాణ్ణి తెచ్చినప్పుడు ప్రభువు వెంటనే స్వస్థపరచలేదు. ఇది ఎంతకాలం నుండి ఉందని ముందు తండ్రిని అడిగారు (మార్కు 9:21). సర్వం తెలిసినవారికి ఆ ప్రశ్న ఎందుకు? ఆ తండ్రికి చెప్పుకోవలసిన అవసరం ఉంది. చిన్నప్పటి నుండి ఉందని, నిప్పులలో నీళ్ళలో పడిపోతున్నాడని, ఏళ్ళ తరబడి మోసిన బరువంతా దించాడు. పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ విషయంలో ఇంకా విశేషం. ఆమె అప్పటికే బాగుపడింది. జాయీరు కూతురు చావుబ్రతుకులలో ఉంది, అందరూ తొందరపడుతున్నారు. అయినా ప్రభువు ఆగారు, ఆమె ఉన్న సత్యమంతా చెప్పేదాకా విన్నారు (మార్కు 5:33). రెండవ జాన్ పౌల్ జగద్గురువులు 1984 ఫిబ్రవరి 11న బాధ గురించి రాసిన లేఖలో మంచి సమరీయుడి గురించి చెబుతూ, అతని మొదటి గుణం ఆగటమే అన్నారు. మన సిస్టరుగారు స్టూలు లాక్కోవటం నాకు అందుకే గుర్తుండిపోయింది.

ఇక ఆ మూడో ప్రశ్న. నొప్పిని మందు లేకుండా భరించాలన్న బాధ్యత క్రైస్తవుడికి ఉందా? ఇది మనం కొత్తగా తేల్చవలసింది కాదు. ఇటలీ మత్తు వైద్యుల సంఘం అడిగిన ప్రశ్నలకు పన్నెండవ పయస్ జగద్గురువులు 1957 ఫిబ్రవరి 24న జవాబు చెప్పారు. అటువంటి బాధ్యత సాధారణంగా ఎవరికీ లేదు. ఎవరైనా స్వేచ్ఛగా కొంత బాధను భరించి ఒప్పగించుకోవచ్చు, అది వారి ఇష్టం. మరణానికి చేరువైనవారికి నొప్పి తగ్గించే మందు, దానివల్ల ఆయుష్షు కొంత తగ్గే అవకాశమున్నా, వేరే మార్గం లేనప్పుడు, చంపే ఉద్దేశం లేనప్పుడు, ఇవ్వవచ్చు. అంతకు ముందు సంవత్సరం, 1956 జనవరి 8న, కాన్పు నొప్పులను తగ్గించే పద్ధతుల గురించి కూడా వారు మాట్లాడారు. ఆదికాండంలో ఏవమ్మతో దేవుడు చెప్పిన మాట ఆ నొప్పిని తగ్గించకూడదని ఆజ్ఞ కాదని వివరించారు. ఇది మన అత్తగార్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్ ద్వారానే జరిగాయి. అంటే మన విచారణలలో ఆపరేషన్ అయిన మనిషి అనగానే ఎక్కువగా పచ్చి బాలింతరాలే. "మా కాలంలో ఇవన్నీ ఓర్చుకోలేదా?" అనే మాట ఆ పిల్ల నోరు కట్టేస్తుంది. ఏడు పొరలు కోసి కుట్టిన కడుపుతో బిడ్డను ఎత్తుకుని పాలివ్వాలి ఆమె.

ఒప్పగించటం గురించి నా అభిప్రాయం ఇది. ఒప్పగించాలంటే ఆ బాధ నీది కావాలి, నీ ఇష్టంతో ఇవ్వాలి. ఒకరి బాధను ఇంకొకరు ఒప్పగించలేరు. కోడలి నొప్పిని అత్తగారు, రోగి నొప్పిని డాక్టరు దేవునికి కానుకగా ఇవ్వలేరు. ఒప్పగించదలచినవారు కూడా దాన్ని డాక్టరు దగ్గర దాచనక్కరలేదు. కాలంత నొప్పి ఉందని చెప్పి, మందు తీసుకుని, మిగిలినదాన్ని ఒప్పగించండి. మందు తీసుకున్నా ఎంతో కొంత మిగలకపోదు, దిగులు పడకండి! సిలువ వేయటానికి ముందు ప్రభువు బోళము కలిపిన ద్రాక్షరసం తీసుకోలేదు (మార్కు 15:23). దీనినే అందరూ నాకు చూపిస్తారు. కాని సిలువ మీద ప్రభువు దాహంగా ఉందని పైకి చెప్పారు, వారు అందించిన పులిసిన రసాన్ని పుచ్చుకున్నారు (యోహాను 19:28-30). లోకం పాపభారం మోస్తున్నవారు గొంతు ఎండిపోయిందని చెప్పుకోవటానికి సిగ్గుపడలేదు.

గుంటూరు ప్రజలు మరువలేని సిస్టర్ మేరీ గ్లౌరీ గారు ఈ సందర్భంలో గుర్తుకొస్తున్నారు. ఆస్ట్రేలియాలో వైద్యవిద్య చదివి 1920లో గుంటూరుకు వచ్చి, మఠకన్యగా ఉంటూనే వైద్యం చేయటానికి రోము అనుమతి పొందిన తల్లి ఆమె. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. చివరికి క్యాన్సర్‌తో 1957 మే నెలలో బెంగళూరులో కన్నుమూశారు. పయస్ జగద్గురువుల మాటలు వెలువడి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ప్రార్థన ఒక చేత, మందు ఒక చేత పట్టుకున్న జీవితమది. రెంటికీ తగువు పెట్టేవారు ఆమెను చూస్తే చాలు.

కొన్ని ఇంటి మాటలు. రోగి తరఫున జవాబు చెప్పకండి. మీరు ప్రేమతోనే చెబుతారు, అయినా ఆ నొప్పి మీకు తెలియదు. ఆడవారిని అడిగేటప్పుడు మగవారు కాసేపు వరండాలోకి వెళ్ళండి. నర్సమ్మ ఒంటరిగా అడిగితే బయటపడే మాటలు వేరు. "నొప్పి మందు అలవాటైపోతుంది" అని మాత్ర దాచిపెట్టకండి. డాక్టరు చూపులో కొద్ది రోజులు వాడే మందుకు, అలవాటుపడి వాడే మందుకు తేడా ఉంది. ఆ తేడా డాక్టరునే అడగండి. రాత్రిపూట కొత్తగా వచ్చిన నొప్పి గాని, ఉన్నట్టుండి పెరిగిన నొప్పి గాని తెల్లవారే దాకా ఆగవలసినది కాదు, నర్సును లేపండి, ఆమె విసుక్కున్నా సరే. అర నిమిషంలో వెళ్ళిపోయే డాక్టరుగారిని మర్యాదగానే ఆపి, "ఒక్కమాట చెప్పాలి సార్" అనవచ్చు. ఈ పత్రిక చదివే డాక్టర్లకూ నర్సులకూ ఒక మనవి. "పర్వాలేదు" అన్నాక ఇంకొక ప్రశ్న అడగండి, కదిలితే ఎలా ఉందని, దగ్గి చూపించమని.

ఆపరేషన్‌కు వెళ్ళేముందు రోజు ఇంటిల్లిపాదీ జపమాల చెబుతారు గదా. అది అయ్యాక ఒక కాగితం తీసుకుని కూర్చోండి. పాత నొప్పులు, పాత ఆపరేషన్లు, పడని మందులు, మోకాళ్ళకని పసరు మందులు వాడితే అవీ, రోగి చేతనే చెప్పించి పిల్లల చేత రాయించండి. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారిచ్చిన మాత్రల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఆ ఖాళీ అట్టలు పారేయకుండా కాగితంతో పాటు సంచిలో వేసుకోండి.